డేట్‌కి రెండు రోజుల ముందు మొదలయ్యే ఒంటి తలనొప్పి: హార్మోన్లా? ఏ మాత్రలు వాడొచ్చు?

వరంగల్ టీచర్:
అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, స్కూల్లో పాఠాలు చెప్తాను. డేట్‌కి ఒకటి రెండు రోజుల ముందు ఎడమ కణత దగ్గర నొప్పి మొదలవుతుంది. మెల్లగా కంటి వెనక్కి, మెడలోకి దిగుతుంది. వెలుతురు పడదు, పోపు వాసన పడదు, వాంతి అయితే తప్ప కాస్త కూడా తగ్గదు. నెల మధ్యలో ఎప్పుడైనా తలనొప్పి వస్తే ఒక పారాసిటమాల్‌తో పోతుంది. డేట్ ముందు వచ్చేది మాత్రం రెండు మూడు రోజులు కదలదు.

కళ్ళ పరీక్ష అయింది, అద్దాలు మార్చారు. సైనస్ అని ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు. ఇంట్లో అయితే "ఎక్కువ ఆలోచిస్తావు, టెన్షన్ తగ్గించుకో" అంటారు. ఇది హార్మోన్ల వల్లేనా? అలాగైతే హార్మోన్ టెస్టులు చేయించాలా? ప్యాకేజీ ఖరీదు బాగానే ఉంది, అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నాను.

నిద్రగన్నేరు:
అక్కా, అచ్చం నా సంగతే. పెద్దమనిషి అయిన ఏడాదిలోనే మొదలైంది నాకు. అమ్మకీ ఉండేది. చీకటి గదిలో తలకి గుడ్డ బిగించి కట్టుకుని పడుకునేది, మేం చప్పుడు చేయకుండా తిరిగేవాళ్ళం. నాకు కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెల నుంచి కాన్పు దాకా ఒక్కసారి కూడా రాలేదు. కాన్పయిన వారంలోపే తిరిగొచ్చింది. అప్పుడే అనుకున్నాను, దీనికీ నెలసరికీ ఏదో ముడి ఉందని. ఎవరినడిగినా "అందరికీ ఉండేదేగా" అన్నారు. అందరికీ ఉండేదయితే మాత్రం మందు ఉండకూడదా?

కర్నూలు న్యూరో:
టీచర్ గారూ, నేను న్యూరాలజీ డాక్టర్ని. మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పకూడదు. కానీ ఒకవైపు నొప్పి, వికారం, వెలుతురు పడకపోవడం, రెండు మూడు రోజులు ఉండటం, ఇవన్నీ మైగ్రేన్ లక్షణాలే. మనవాళ్ళు పార్శ్వపు నొప్పి అనేది దీన్నే. మీరూ నిద్రగన్నేరు గారూ చెప్పిన రెండు కథల వెనకా ఉన్నది ఒకే హార్మోన్, ఈస్ట్రోజన్.

నెలసరికి ముందు కొద్ది రోజుల్లో ఒంట్లో ఈస్ట్రోజన్ బాగా పడిపోతుంది. మైగ్రేన్ తత్వం ఉన్న మెదడుకు ఆ పడిపోవడమే పడదు. ఎక్కువగా ఉండటం, తక్కువగా ఉండటం అంత ముఖ్యం కాదు. 1971, 1972లలో బ్రయాన్ సోమర్‌విల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ దీన్ని చక్కగా చూపించాడు. నెలసరి ముందు ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ ఇస్తే రక్తస్రావం వేళకే వచ్చింది, తలనొప్పి మాత్రం కొన్ని రోజులు వెనక్కి జరిగింది. ప్రొజెస్టిరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్ ఇస్తే రక్తస్రావం ఆలస్యమైంది, తలనొప్పి మాత్రం దాని వేళకే వచ్చింది. అంటే నొప్పిని తెచ్చేది రక్తస్రావం కాదన్నమాట. దీనికి తోడు, డేట్ వచ్చే సమయంలో గర్భసంచి లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. కడుపునొప్పి తెచ్చేవీ అవే, తలనొప్పిని పెంచేవీ అవే.

గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ పెరుగుతూ పోయి నిలకడగా ఉంటుంది, అందుకే చాలామందికి నాలుగో నెల దాటాక ఉపశమనం. కాన్పు అయిన వెంటనే అది ఒక్కసారిగా కిందకి పడుతుంది. రజస్వల కాకముందు అబ్బాయిల్లో, అమ్మాయిల్లో మైగ్రేన్ దాదాపు సమానం. ఆ తర్వాత మగవాళ్ళలో ఒకరికి ఉంటే ఆడవాళ్ళలో సుమారు ముగ్గురికి ఉంటుంది.

ఇక టెస్టుల సంగతి. ఆ హార్మోన్ ప్యాకేజీ మీకు అక్కర్లేదు. నెలసరి మైగ్రేన్ ఉన్నవాళ్ళలో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. అది చూసి "నీకేమీ లేదు" అనేవాళ్ళు ఇంకొందరు తయారవుతారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి, అవి తలనొప్పిని పెంచగలవు. అన్నిటికంటే విలువైన పరీక్ష క్యాలెండర్. డేట్ వచ్చిన రోజు ఒకటో రోజు. దానికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా ఉన్న ఆ ఐదు రోజుల్లో, మూడు నెలల్లో కనీసం రెండు నెలలు మైగ్రేన్ వస్తే దాన్ని నెలసరి మైగ్రేన్ అంటాం. ఆ రోజుల్లోనే వచ్చేవాళ్ళు కొద్దిమంది. మిగతా రోజుల్లోనూ వస్తూ అప్పుడు మాత్రం గట్టిగా వచ్చేవాళ్ళే ఎక్కువ.

వరంగల్ టీచర్:
సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి అడగాలి. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతం రోజుకి అడ్డం వస్తుందని డేట్ వాయిదా వేసే మాత్రలు వేసుకున్నాను. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారు. వ్రతం బాగా జరిగింది. మాత్రలు ఆపిన రెండో రోజు మొదలైన నొప్పి లాంటిది నేనెప్పుడూ పడలేదు. మా స్టాఫ్‌రూమ్‌లో పెళ్ళిళ్ళకీ తిరుపతికీ ఇవి వేసుకోనివాళ్ళు లేరు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఖమ్మం స్టాఫ్‌నర్స్:
ఉంది అమ్మా. డాక్టర్ గారు వివరంగా చెప్తారు గానీ ముందు ఒక మాట. ఈ మాత్రల్ని ఎవరూ మందుగా లెక్కెయ్యరు. "ఏమైనా మాత్రలు వాడుతున్నావా" అని అడిగితే "లేదు మేడం" అంటారు. పిల్లలు కలగకుండా వాడే మాత్రలూ అంతే, చెప్పరు. అన్నీ చెప్పాలి.

కర్నూలు న్యూరో:
నర్స్ గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. వాయిదా మాత్రల్లో ఉండేది సాధారణంగా నోరెథిస్టిరాన్. ప్రొజెస్టిరాన్ జాతి మందు. రోజుకు రెండు మూడు చొప్పున వాడే మోతాదులో దానిలో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఆపేయగానే అన్నీ కలిసి పడిపోతాయి, రెండు మూడు రోజుల్లో డేట్ వస్తుంది, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి దానితో పాటే నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ. పండక్కో పెళ్ళికో వేసుకోవద్దని నేను చెప్పను, అది మీ ఇష్టం, మీ నమ్మకం. డాక్టర్‌ని అడిగి వేసుకోండి. "నాకు మైగ్రేన్ ఉంది" అని చెప్పండి. ఆపే రోజుకి నొప్పి మాత్ర దగ్గర పెట్టుకోండి. కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్ళు, ఆరా ఉన్నవాళ్ళు షాపులో కొనుక్కుని వేసుకోనే కూడదు.

గోదారి గట్టు:
ఆరా అంటే ఏమిటండీ? మా ఆవిడకి తలనొప్పి రావడానికి అరగంట ముందు కళ్ళ ముందు మెరుపు గీతల్లాగా వంకరటింకరగా కనిపిస్తాయట. ఒక పక్కన అక్షరాలు కనపడవట. ఒకసారి పెదవి చుట్టూ, చేతివేళ్ళూ తిమ్మిరెక్కాయి. ఆమె పిల్లలు కలగకుండా రోజూ మాత్ర వేసుకుంటోంది. పాపకి మూడేళ్ళు.

కర్నూలు న్యూరో:
ఆరా అంటే అదేనండీ. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఆరాతో మైగ్రేన్ ఉన్న ఆడవాళ్ళకి పక్షవాతం ముప్పు మామూలు వాళ్ళకంటే కొంచెం ఎక్కువ. చిన్న వయసులో ఆ ముప్పు అసలు చాలా తక్కువే కాబట్టి భయపడక్కర్లేదు. కానీ ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్ర తోడైతే అది పెరుగుతుంది. బీపీ గానీ, పొగ తాగే అలవాటు గానీ ఉంటే ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాల్లో ఆరా ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు నాలుగో వర్గంలో ఉన్నాయి, అంటే వాడనే కూడదు. ఆరా లేకపోయినా 35 దాటినవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. ఈ వారమే గైనకాలజిస్టుని కలిసి మాత్ర మార్పించండి. మార్చేదాకా కండోమ్ వాడండి.

ఖమ్మం స్టాఫ్‌నర్స్:
గోదారి గట్టు గారూ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏమేం దొరుకుతాయో చెప్తాను. మాలా-ఎన్‌లో ఈస్ట్రోజన్ ఉంటుంది. అందులో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. ఆ ఐరన్ మాత్రల వారంలోనే తలనొప్పి వస్తోందని చాలామంది చెప్తారు, ఐరన్ పడలేదనుకుంటారు. హార్మోన్ ఆగిన వారం అది, అసలు కారణం అదే. మీ ఆవిడకి మాలా-ఎన్ వద్దు. కాపర్-టీలో ఏ హార్మోనూ లేదు. ఛాయ మాత్రలో ఈస్ట్రోజన్ గానీ ప్రొజెస్టిరాన్ గానీ ఉండవు. లక్నోలోని సీడీఆర్ఐ అనే ప్రభుత్వ మందుల పరిశోధన సంస్థ తయారుచేసిన ఓర్మెలాక్సిఫెన్ అనే మందు అది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, అందులో ప్రొజెస్టిరాన్ జాతి మందు మాత్రమే ఉంటుంది. ఏది సరిపోతుందో డాక్టర్ చూసి చెప్తారు.

గోదారి గట్టు:
ఈ రోజే ఆపించేశాను నర్స్ గారూ. రేపు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.

పారిజాతం:
నాకు తలస్నానం చేసిన రోజు తప్పకుండా వస్తుంది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నిజంగా ఉంటుందా అలా?

కర్నూలు న్యూరో:
ఎందుకు నవ్వాలమ్మా. మన దేశం నుంచే దీనిమీద ఒక పరిశోధన వచ్చింది. ముంబైకి చెందిన తలనొప్పి నిపుణుడు కె. రవిశంకర్ 2006లో తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయుల వివరాలు ప్రచురించారు. పొడవాటి జుట్టు తడిగా ఉండిపోవడం మన దగ్గరే ఎక్కువ కదా. మీరు ఒకటి గమనించండి. మన ఇళ్ళలో నాలుగో రోజో ఐదో రోజో తలకి పోసుకునే ఆచారం. అప్పటికి నెలసరి నొప్పి తగ్గీ తగ్గకుండా ఉంటుంది, దానిమీద తలస్నానం పడుతుంది. ఆచారానికి అడ్డు కాకపోతే ఇంకో రోజు ఆగి పోసుకోండి, గోరువెచ్చటి నీళ్ళు వాడండి, జుట్టు త్వరగా ఆరబెట్టుకోండి. వ్రతమని ఉపవాసం, తలస్నానం, నిద్ర తక్కువ, ఇవన్నీ డేట్ దగ్గర్లో ఒకే రోజు పడితే ఎవరికైనా కష్టమే. ఉపవాసం ఉండాలనుకుంటే కనీసం పాలో, పండో తీసుకోండి, నీళ్ళు మానకండి.

తులసివనం:
ఇన్ని మాత్రలు ఎందుకండీ? మా నానమ్మ శొంఠి అరగదీసి కణతలకి పట్టు వేసేది. ఆ రోజుల్లో ఎవరికీ ఈ మైగ్రేన్లు లేవు.

నిద్రగన్నేరు:
ఉన్నాయి తులసివనం గారూ. మా అమ్మకి ఉంది, ఆమె తల్లికీ ఉండేదట. వాళ్ళు చెప్పుకోలేదు, అంతే. శొంఠి పట్టు నేనూ వేసుకుంటాను, మొదట్లో హాయిగానే ఉంటుంది. వాంతులు మొదలయ్యాక అది చాలదు. ఆ రెండు రోజులూ నేను మంచం దిగలేకపోతే పిల్లలకి వండేదెవరు?

కర్నూలు న్యూరో:
పట్టు హాయినిస్తే వేసుకోవచ్చు, చర్మం మండకుండా చూసుకోండి. ఇక మందుల మాట. ఇవి తెలుసుకోవడానికి చెప్తున్నాను, మోతాదు మీ డాక్టరే రాయాలి.

నొప్పి వచ్చాక వేసుకునేవి ఒక రకం. నాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్ లాంటివి, లేకపోతే మైగ్రేన్ కోసమే తయారైన సుమాట్రిప్టాన్, రైజాట్రిప్టాన్. మొదలవుతున్నట్టు తెలియగానే వేసుకోవాలి. "ఇంకాసేపు చూద్దాం" అని ఓర్చుకుని వాంతులయ్యాక వేసుకుంటే కడుపులోంచి ఒంటికి పట్టవు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి, బీపీ అదుపులో లేనివాళ్ళకి ట్రిప్టాన్లు ఇవ్వం. అల్సర్, కిడ్నీ సమస్య ఉంటే నాప్రోక్సెన్ కుదరదు.

డేట్ లెక్క తప్పకుండా వచ్చేవాళ్ళకి ఇంకో మార్గం ఉంది, ఇది చాలామందికి తెలియదు. రెండు రోజుల ముందే నాప్రోక్సెన్ గానీ, ఎక్కువసేపు పనిచేసే ట్రిప్టాన్ గానీ మొదలుపెట్టి ఐదారు రోజులు వాడి ఆపేయడం. నెలంతా మందు మింగక్కర్లేదు. టీచర్ గారికి ఇది సరిపోవచ్చు, మీ డాక్టర్‌ని అడగండి. డేట్లు అస్తవ్యస్తంగా ఉన్నవాళ్ళకి ఇది కుదరదు, వాళ్ళకి ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి రోజూ ఇస్తాం.

మెఫినమిక్ యాసిడ్ మాత్రలు నెలసరి కడుపునొప్పికి దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి. వాటివల్ల అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. వేసుకున్నాక జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు కనిపిస్తే ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

సాయంత్రం చాయ్:
ఎర్గోటమిన్ కలిసిన మాత్ర మా నాన్న తెచ్చిపెట్టేవాడు. ఇప్పుడు దాదాపు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. వేసుకోని రోజు తల బరువుగా ఉంటుంది.

కర్నూలు న్యూరో:
మీరు చెప్పేది మందుల వల్ల వచ్చే తలనొప్పిలా ఉంది. ఎర్గోటమిన్, ట్రిప్టాన్లు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలలో పది రోజులు, మామూలు పారాసిటమాల్ లాంటివి పదిహేను రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రే తలనొప్పిని రోజువారీ చేస్తుంది. ఎర్గోటమిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు అసలు ముట్టకూడదు. ట్రిప్టాన్ వేసుకున్న 24 గంటల్లోపు ఇది వేసుకోకూడదు. ఆపినప్పుడు కొన్ని రోజులు నొప్పి పెరుగుతుంది కాబట్టి సొంతంగా కాకుండా డాక్టర్ చేతిమీదుగా ఆపండి.

పాలమూరు అమ్మ:
మా ఊర్లో ఆర్ఎంపీ, గర్భసంచి తీయించుకుంటే నెలసరీ ఉండదు, తలనొప్పీ ఉండదు అన్నడు. నాకు 38. పిల్లలు పెద్దోళ్ళయిన్రు, ఇంకెందుకు అది అంటున్నరు ఇంట్లో కూడా. చేయించుకోవచ్చునా?

ఖమ్మం స్టాఫ్‌నర్స్:
అక్కా, వద్దు. చేతులు జోడించి చెప్తున్నా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. మనదగ్గరే ఎందుకింత? అవసరం ఉన్నవాళ్ళకి చేయాలి, కాదనను. తలనొప్పికి చేసే ఆపరేషన్ మాత్రం కాదిది.

కర్నూలు న్యూరో:
గర్భసంచి తీసినా అండాశయాలు ఉంటాయి, ఈస్ట్రోజన్ పెరగడం, పడిపోవడం లోపల నడుస్తూనే ఉంటుంది. తలనొప్పి అలాగే వస్తుంది, డేట్ కనపడదు కాబట్టి ఎప్పుడొస్తుందో కూడా తెలియదు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్క రోజులో కూలిపోతుంది, మైగ్రేన్ చాలామందికి పెరుగుతుంది, ఎముకలూ గుండే దెబ్బతింటాయి. పాలమూరు అమ్మ గారూ, మీకు ముందు మందులు రాయించుకునే దారి ఉంది. జిల్లా ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్ళినా మొదలుపెడతారు.

డల్లాస్ పిన్ని:
నాకు 49. నలభై అయిదు దాటాక డేట్లు తప్పడం మొదలైంది, తలనొప్పులు రెట్టింపయ్యాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, దానిమీద ఇది. నెలసరి ఆగిపోయే ముందు ఈస్ట్రోజన్ ఒక పద్ధతి లేకుండా ఎగిరి పడుతుందట. ఇక్కడి డాక్టర్ చర్మానికి అంటించే ఈస్ట్రోజన్ ప్యాచ్ తక్కువ మోతాదులో పెట్టింది, గర్భసంచి ఉంది కాబట్టి దానితో పాటు ప్రొజెస్టిరాన్ కూడా ఇచ్చింది. మాత్ర అయితే హెచ్చుతగ్గులు ఎక్కువ, ప్యాచ్ అయితే నిలకడ అని చెప్పింది. ఆవిర్లు తగ్గాయి, తలనొప్పీ నెమ్మదించింది. మా అక్కయ్యకి నెలసరి పూర్తిగా ఆగిన తర్వాత వాటంతట అవే పోయాయి. నాకూ అలాగే అవుతుందని ఆశ. మా స్నేహితురాలు మైగ్రేన్ రాకుండా నెలకోసారి ఎరెన్యుమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటోంది, 2018లో ఇక్కడ అనుమతి వచ్చిన మందు అది, ఆమెకి బాగా పనిచేసింది.

ఖమ్మం స్టాఫ్‌నర్స్:
పిన్ని గారి లాంటి వయసువాళ్ళ గురించి మాట్లాడుకున్నాం గానీ గర్భిణులూ బాలింతల గురించి కూడా ఒకటి రాయాలి. లేబర్ రూమ్‌లో పనిచేస్తాను కాబట్టి ఇది నాకు ప్రాణం మీదికి వచ్చే విషయం. ఐదో నెల దాటాక గట్టి తలనొప్పి, కళ్ళు మసకబారడం, గుండె కింద నొప్పి, ముఖం వాపు ఉంటే "నాకెప్పుడూ ఉండే మైగ్రేనే" అని పడుకోకండి. వెంటనే బీపీ చూపించుకోండి. 140/90 దాటితే గుర్రపువాతానికి, అంటే బీపీ పెరిగి ఫిట్స్ రావడానికి దారితీయొచ్చు. కాన్పయ్యాక ఆరు వారాల దాకా కూడా ఇది రావచ్చు.

బాలింతకి రోజులకొద్దీ తగ్గని తలనొప్పి, ఫిట్స్, చూపు తేడా, ఒకవైపు చెయ్యి కాలు బలహీనం అయితే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, 108కి ఫోన్ చేయండి. కొన్ని ఇళ్ళలో పథ్యమని బాలింతకి నీళ్ళు కొలిచి ఇస్తారు. అది చాలా తప్పు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. దాహమైనన్ని నీళ్ళు ఇవ్వండి. సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇచ్చాక లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే నొప్పి వేరే రకం, దానికీ చికిత్స ఉంది, డాక్టర్‌కి చెప్పండి.

గోదారి గట్టు:
ఆసుపత్రికి వెళ్ళొచ్చాం. ఈస్ట్రోజన్ మాత్ర పూర్తిగా మాన్పించారు, కాపర్-టీ వేస్తామన్నారు. మా ఆవిడ ఇంకో ప్రశ్న అడగమంది. రెండో పాప కోసం వచ్చే ఏడాది చూద్దామనుకుంటున్నాం. మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకోమని ఇదివరకు వేరే చోట వాల్‌ప్రొయేట్ రాశారు, ఇప్పటికీ వాడుతోంది. ఇబ్బందా?

కర్నూలు న్యూరో:
ఇబ్బందే. గర్భంలో బిడ్డకి వెన్నెముక లోపాలు, తర్వాత తెలివితేటల్లో వెనకబాటు తెచ్చే మందు అది. గర్భం వచ్చే వయసులో ఉన్న ఆడవాళ్ళకి మైగ్రేన్ కోసం దాన్ని ఇవ్వకూడదు. టోపిరమేట్ కూడా గర్భానికి మంచిది కాదు. వాల్‌ప్రొయేట్ ఫిట్స్‌కి కూడా ఇచ్చే మందు కాబట్టి, మైగ్రేన్‌కే వాడుతున్నారా, ఫిట్స్ ఉన్నాయా అన్నది ముందు తేలాలి. ఫిట్స్ ఉంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఈ వారంలోనే న్యూరాలజిస్టుని కలవండి, పాత చీటీలన్నీ పట్టుకెళ్ళండి, మందు మారిన తర్వాతే గర్భం గురించి ఆలోచించండి. ఫోలిక్ యాసిడ్ ఎంత, ఎప్పటి నుంచి అన్నది కూడా అప్పుడే అడగండి. క్యాలెండర్‌లో డేట్ వచ్చిన రోజుకి ఒక గుర్తు, నొప్పి వచ్చిన రోజుకి ఒకటి, మాత్ర వేసుకున్న రోజుకి ఒకటి, మెరుపు గీతలు కనిపించిన రోజుకి ఇంకొకటి పెట్టి తీసుకెళ్తే వాళ్ళకి సగం పని తేలికవుతుంది.